బియ్యం కంపెనీ వాళ్ల మాట

"తిన్నావా?" అని అడిగే హక్కును ఉచిత మెసేజీల యాప్ వాళ్లు ఉగాది నుంచి ఒక ఊరగాయల కంపెనీకి అమ్మేశారు కాబట్టి, పామర్రులో ఉండే నాంచారమ్మ గుడివాడలోని తమ్ముడు శేషగిరిని ఆ మాట అడగడం మానుకోవాల్సి వచ్చింది. శేషగిరికి షుగరు. భార్య పోయాక తిండి ధ్యాస లేకుండా పోయింది. కిందటేడు ఆఫీసులో కళ్లు తిరిగి పడ్డాడు. అప్పటినుంచీ మధ్యాహ్నం అక్క మెసేజీ వస్తేనే క్యారేజీ విప్పుతాడు.

నాంచారమ్మ బస్సెక్కి యాప్ వాళ్ల బ్రాంచికి వెళ్లింది. అక్కడి ఆఫీసరు మర్యాదగా కుర్చీ చూపించాడు.

"ఫ్రీ అన్నారు కదయ్యా?"

"ఫ్రీయేనమ్మా. మీ దగ్గర పైసా తీసుకోం. మీవాళ్లను పలకరించే అవకాశం కంపెనీలకిస్తాం, వాళ్లు మాకిస్తారు. లేకపోతే మేమెట్లా బతకాలి చెప్పండి?"

"పోనీ, ఫోన్ చేసి నోటితో అడుగుతాను."

"నోరు కూడా అందులోకే వస్తుందమ్మా. 'ఒప్పుకుంటున్నాను' అన్నచోట నొక్కారు కదా."

"అడగను. తినమని చెప్తాను."

"అది ప్రకటన కిందికొస్తుంది. దాని రేటు వేరు."

ఆవిడ నొక్కిన మాట నిజమే. చదివి నొక్కినవాళ్లు ఆఫీసరుకు తెలిసి ఎవరూ లేరు, తనతో సహా. "నిద్ర పట్టిందా" అప్పటికే పరుపులవాళ్లకు వెళ్లిపోయింది. "ఒంట్లో ఎలా ఉంది" అన్నదాన్ని ఒక ఆసుపత్రి, ఒక బీమా కంపెనీ చెరిసగం పంచుకున్నాయి. "నామీద కోపమా", "నన్ను మర్చిపోయావా" లాంటివి ఎవరూ కొనలేదు. వాటిని ఇంట్లోవాళ్లు ఎంతైనా వాడుకోవచ్చు. అక్కాతమ్ముళ్లు కొన్నాళ్లు వాటితోనే సరిపెట్టుకుని, మాటామాటా పెరిగి మాట్లాడుకోవడం మానేశారు.

ఊరగాయల కంపెనీ మనిషి గుడివాడకు వారానికోసారే వచ్చేవాడు. మిగతా రోజులు శేషగిరి ఏం తింటున్నాడో దేవుడికే తెలియాలి. బెంగ తట్టుకోలేక నాంచారమ్మ ఆ కంపెనీలోనే అడిగే ఉద్యోగంలో చేరింది.

ఉద్యోగం కష్టమైందేమీ కాదు. టోపీ పెట్టుకోవాలి, అందరినీ సార్, మేడమ్ అనాలి, తమది కాని ప్రశ్న అడగకూడదు. తిన్నామని చెప్తే నమస్కారం పెట్టి వచ్చేయాలి, ఆ ఇల్లు లెక్కలోకి రాదు. తినలేదంటే ఊరగాయ అమ్మాలి. కొన్నాళ్లు తిరిగేసరికి, కడుపునిండా తిన్నామని చెప్పేవాళ్లను చూస్తే ఆవిడకు ఒళ్లు మండటం మొదలైంది.

ఎట్టకేలకు ఆవిడకు గుడివాడ డ్యూటీ వేశారు. తమ్ముడి తలుపు కొట్టింది.

"తిన్నారా సార్?"

శేషగిరి ఆవిడ టోపీ కేసి చూశాడు. బాగా చిక్కిపోయాడు. "లేదక్కా. నిన్నటి నుంచీ ఏమీ తినలేదు."

నాంచారమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు ఆవిడ విన్న మొదటి "లేదు" అదే. గబగబా మాగాయ సీసా తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. లోపల పొయ్యి మీద గిన్నె కూడా లేదు. అన్నం వండుకోలేదా అని నోటిదాకా వచ్చింది గానీ, ఆ మాట బియ్యం కంపెనీ వాళ్లది.

"వాళ్లు శనివారం వస్తారు సార్" అని చెప్పి పక్కింటి తలుపు కొట్టింది.