తైమూర్ పేరిట ఒక చట్టం

అన్యాయంగా జైల్లో పడ్డవాణ్ణి విడిపించాలనుకోవడం శుద్ధ తొందరపాటు! ముందు అతని పేరుతో మా వాషింగ్టన్‌లో ఒక చట్టం చేయాలి. అంతకంటే అదృష్టం ఏ ఖైదీకి పడుతుంది చెప్పండి?

పాపం, మదీనాకు ఈ సంగతి తెలియదు. ఆవిడ వర్జీనియాలో నర్సు. తమ్ముడు తైమూర్ స్వదేశంలో బడిపంతులు. తన విద్యార్థిని పోలీసులు కొట్టి చంపారని మరో ముగ్గురు పంతుళ్లతో కలిసి వీధిలో నిలబడి అన్నాడు. నలుగురినీ లోపల వేశారు. ఆ పోలీసుల జీపులు, తుపాకులు మేము పంపే సాయంతో వచ్చినవే. అందుకే మదీనా డ్యూటీ దిగి, ఆస్పత్రి బట్టల్లోనే సెనేటర్ ప్రూయెట్ ఆఫీసు మెట్లెక్కింది.

సెనేటర్ సహాయకుడు గ్లెన్ హోస్టెట్లర్ మెత్తని మనిషి. విన్నంతసేపూ కళ్లు తుడుచుకున్నాడు.

"మీ తమ్ముడి పేరే పెట్టి బిల్లు తెస్తాం మేడమ్. ఖైదీలను వదిలేదాకా ఒక్క తుపాకీ వెళ్లదు."

"నిజంగా ఆగిపోతాయా?"

"చట్టమైతే ఆగక చస్తాయా! కాకపోతే దేశ ప్రయోజనం కోసం అవసరమైతే అధ్యక్షుడు మినహాయింపు ఇవ్వొచ్చని ఒక్క ముక్క రాయాలి. అది లేకపోతే ఓట్లు పడవు."

గొడుగన్నాక చిల్లు ఉండొద్దూ? లేకపోతే వాన నొచ్చుకోదూ!

ఏ విషయంలోనూ కలవని రెండు పార్టీలూ తైమూర్ కోసం ఏకమయ్యాయి. అతని దేశం ఏ ఖండంలో ఉందో తెలియని సభ్యులు కూడా గొంతు పూడుకుపోయేలా ప్రసంగించారు. అధ్యక్షుడు ఒక చేత్తో చట్టం మీద, మరో చేత్తో మినహాయింపు మీద సంతకం పెట్టాడు. అక్కడ మాకు విమాన స్థావరం ఉంది మరి! విమానాలు తైమూర్ నెత్తిన దిగాలా?

చట్టానికి భయపడి ఆ దేశం వెంటనే మానవ హక్కుల శాఖ తెరిచింది. తైమూర్ ఉన్న జైలు అధికారినే దానికి మంత్రిని చేసింది. అనుభవం ఉన్నవాడు కదా! ఆయన వాషింగ్టన్ వచ్చినప్పుడు మేము ఇచ్చిన విందులో మదీనా ఎదురుగా వెళ్లి నిలబడింది.

"మా తమ్ముణ్ణి ఎప్పుడు వదుల్తారు?"

"మిగతా ముగ్గుర్నీ జాతీయ దినోత్సవానికి వదిలేశాం కదమ్మా," అన్నాడాయన, నోట్లో చేపముక్క నములుతూ. "మీవాణ్ణీ వదిలేవాళ్లమే. కానీ ఇప్పుడు వదిల్తే అమెరికాకి తల వంచామంటారు. ఆ పేరు అంత పెద్దది చేసిందెవరు? మీరే కదా!"

మదీనా చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టేసింది. అదే విందుకు వచ్చిన గ్లెన్ దగ్గరికి నేరుగా నడిచింది.

"బాబూ, నీకు దణ్ణం పెడతాను. చట్టంలోంచి వాడి పేరు తీసేయండి."

గ్లెన్‌కు మళ్లీ కళ్లు చెమర్చాయి. "తీయాలంటే ఇంకో బిల్లు కావాలి మేడమ్. రెండు సభలూ ఒప్పుకోవాలి. తైమూర్‌ని వదులుకోవడానికి ఇక్కడ ఒక్కరైనా ఓటేస్తారా?"

వెయ్యరు. మేము తైమూర్‌ను వదలం. వాళ్లూ వదలరు. రెండు దేశాలకు ఇంత చక్కగా అభిప్రాయాలు కలవడం మా విదేశాంగ విధానం సాధించిన విజయం కాక మరేమిటి?