కాలు కింద పెట్టనివ్వను

కాటాలు బాగుచేసే షాపులో పనిచేస్తాడు కనుక, బండి నడిపే విషయంలో తనను తానే పొగుడుకుంటాడు కనుక, అతనికి బ్యాలెన్సు బావ అని పేరు పడింది. పెట్టింది బావమరుదులు. అది బిరుదా, వెక్కిరింతా అని అతను ఎప్పుడూ ఆలోచించలేదు.

బావ దగ్గర ఒక కథ ఉంది. మోటార్‌సైకిల్ లైసెన్సు పరీక్షలో తను ఎనిమిది వేసిన కథ. చుట్టాలు నలుగురు కూడితే చాలు, ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టేస్తాడు.

"ఇప్పుడేముందిరా, పిల్లలాట! మా రోజుల్లో ఎనిమిది వేయాలంటే కొమ్ములు తిరిగిన మొనగాళ్లకి కూడా కాళ్లు వణికేవి. ఆ గీతల మధ్య దారి చూస్తే ఇంత! చీమ కూడా పక్కకి తిరిగి నడవాలి. నేను ఎక్కాను, తిప్పాను, దిగాను. అంతే. బ్రేకు ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు!"

పెళ్లయిన కొత్తలో ఆ ఇన్‌స్పెక్టర్ ఊరికే తలూపేవాడు. బావమరుదులు కాలేజీకి వచ్చేసరికి లేచి నిలబడటం నేర్చుకున్నాడు. ఈమధ్య చెప్పినప్పుడైతే కళ్లనీళ్లు పెట్టుకుని, "నాయనా, నీ ఎనిమిదిని చెరపొద్దని మావాళ్లకి చెబుతాను" అన్నాడట.

కథకి వంక పెట్టడానికేం లేదు. కాకపోతే అది జరగలేదు. బావ ఆ పరీక్షకి వెళ్లిందే లేదు.

పాపం, కావాలని ఆడిన అబద్ధం కాదు. సంబంధం మాట్లాడుకునే రోజున పిల్ల తండ్రి జీతం అడగలేదు, చదువు అడగలేదు. ఆయన బస్సు డ్రైవరు. మీసం మీద చెయ్యేసి, "లైసెన్సు ఉందా?" అని ఒక్క ముక్క అడిగాడు. తలుపు పక్కన పిల్ల నిలబడి ఉంది. ఆ పిల్లని చూశాక లేదనడానికి బావకి నోరు రాలేదు.

"ఉందండీ" అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. "మీ అమ్మాయిని కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకుంటానండీ" అని కూడా అనేశాడు. ఆయన ఆ రెండు మాటలూ జ్ఞాపకం పెట్టుకున్నాడు.

ఆ పిల్ల ఇప్పుడు పేరున్న టైలరమ్మ. నాలుగు స్కూళ్ల యూనిఫారాలు ఆవిడ మిషను మీదే కుడుతుంది. ఇంట్లో ఏ గోడకి ఏ రంగు, ఏ డబ్బాలో ఏ పప్పు అనే నిర్ణయాలన్నీ ఆవిడవే. బావ రాజ్యమల్లా తన బండి హ్యాండిలంత. దాని మీద ముందు కూర్చున్నప్పుడు తనే యజమాని అనుకునేవాడు. వెనక ఆవిడ బట్టల మూటతో కూర్చుని చెప్పే కబుర్లంటే అతనికి ప్రాణం.

ఆ రాజ్యంలో కూడా ఒక చట్టం ఉంది. వెనకనుంచి "ఏవండీ!" అని వినబడితే బండి ఆగాలి. బ్రేకు, రెండు కాళ్లూ కింద, మెడ వెనక్కి. ఇన్నేళ్ల అలవాటు.

"ఏంటి?"

"టమాటాలు."

"నిన్న కొన్నవి ఏమయ్యాయి?"

"ఉన్నాయి."

"మరి ఇవెందుకు?"

"వాటికి తోడు."

సరిగ్గా పెద్ద కూడలికి ముందున్న తోపుడుబండి దగ్గరే ఆవిడకి టమాటాలు గుర్తొస్తాయి. కొన్నాక, "కూడలి వద్దండీ, ఎండ. ఈ సందులోంచి పోదాం" అంటుంది. ఆ సందులో గుంతలు తప్ప మరేం లేవు. ఇంటికి చేరేసరికి టమాటాల్లో సగం రసం. బావ సణుక్కుంటూ అదే తినేవాడు.

ఇలా ఉండగా ఒకరోజు పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని ఆవిడ ఆ మాట చెప్పింది.

"ఏవండీ, నేను లైసెన్సు తీసుకుంటున్నాను. వచ్చే నెల రెండో గురువారం పరీక్ష."

బావకి తాగుతున్న టీ ముక్కులోకి పోయింది. "ఎందుకూ? నేను లేనా?"

"ఉన్నారు. నేను బట్టలు ఇవ్వాల్సిన వేళకి ఏదో కాటా విప్పుకుని కూర్చుంటున్నారు."

"ఎనిమిది వేయాలి, తెలుసా? మాటలు కాదు."

"పొద్దస్తమానం మిషను మీద చొక్కా చంకలు తిప్పుతున్నాను, కాలర్లు తిప్పుతున్నాను. ఎనిమిదెంత?"

"అది గుడ్డ కాదు, బండి!"

"గుడ్డయినా బండయినా గీత దాటకూడదు. అంతేగా?"

అది చాలదన్నట్టు సాయంత్రం మామగారి ఫోను. ఆయన రిటైరయ్యాడు గానీ గొంతు ఇంకా డ్యూటీలోనే ఉంది.

"అల్లుడుగారూ! అమ్మాయికి లైసెన్సు రాగానే నేనొస్తున్నా. మీదీ తీసి ఉంచండి. రెండూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి మా డిపోవాళ్లందరికీ పంపాలి!"

"అలాగేనండీ" అన్నాడు బావ. ఫోను పెట్టేశాక చూసుకుంటే చొక్కా తడిసి ముద్దయింది. ఇన్నేళ్లుగా కూడబెట్టిన పరువు, మామగారి నమ్మకం, అన్నిటికీ మించి భార్య ముందు ముఖం, ఒక్క ఫోటోతో పోయేట్టున్నాయి.

ఆ కంగారులోనే ఉపాయం తట్టింది. ఆవిడ పరీక్ష గురువారం. తను గుట్టుగా ముందురోజు బుధవారమే పరీక్షకి వెళ్లి, ఎనిమిది వేసేసి, లైసెన్సు తెచ్చి పర్సులో పెట్టేసుకుంటే? పాత లైసెన్సు పోయింది, కొత్తది తీసుకున్నానంటే ఎవడు కాదంటాడు? తన తెలివికి తనే మురిసిపోయాడు.

ఆ మర్నాటినుంచి భోజనం వేళ షాపు వెనక ఖాళీ జాగాలో సాధన మొదలైంది. గీత గీయడానికి సున్నం లేక, తూకం రాళ్లనే ఎనిమిది ఆకారంలో పేర్చాడు. మొదటిరోజు కేజీ రాళ్లన్నీ పడగొట్టాడు. రెండోరోజు అరకేజీ రాయి ఎగిరి షాపు యజమాని టిఫిన్ డబ్బాకి తగిలింది.

"ఏమయ్యా, రాళ్లతో తూకం వేస్తారు గానీ, రాళ్ల మీద బండి వేస్తారటయ్యా?" అన్నాడాయన.

అయినా బావ వదల్లేదు. పట్టుపట్టి, పడి, లేచి, నెల తిరిగేసరికి ఒక్క రాయి కూడా కదలకుండా చుట్టి రావడం నేర్చేశాడు. ఆరోజు అతనికి చిన్నపిల్లాడిలా గంతులేయాలనిపించింది. ఇన్నేళ్లు చెప్పుకున్న కథ నిజం కాబోతోందని నిజంగానే పొంగిపోయాడు.

బుధవారం వచ్చింది.

"పెద్ద మార్కెట్లో కాటాలకి తూనికల ఆఫీసు ముద్ర వేయించాలోయ్. ఆలస్యమవుతుంది" అన్నాడు చెప్పులు వేసుకుంటూ.

"వెళ్లిరండి. నాకూ బయట పనుంది. బొత్తాలు కొనాలి, నాన్న తోడొస్తారు."

దింపమని అడగలేదేమిటా అని బావకి అనుమానం రావాల్సింది. రాలేదు.

పరీక్ష మైదానంలో సున్నంతో గీసిన ఎనిమిది తెల్లగా మెరుస్తోంది. గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో బ్రేకు ఇన్‌స్పెక్టర్ కూర్చున్నాడు. ఆయన లేచి నిలబడే రకంగా కనబడలేదు. "పాస్", "ఫెయిల్", "తర్వాత" అనే మూడు మాటలతో ఉద్యోగం వెళ్లదీస్తున్నాడు. తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని బావ హెల్మెట్ తీయకుండా, అద్దం కూడా దించుకుని వరసలో నిలబడ్డాడు.

అప్పుడు గీత మీద ఎవరో ఆవిడ, తలకి హెల్మెట్, ఎనిమిది వేస్తోంది. వేయడం కాదు, సూదిలో దారం ఎక్కించినట్టు పోతోంది. ఎక్కడా తొట్రుపాటు లేదు. కాలు నేలవైపు కనీసం చూడలేదు.

"పాస్" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

బావ మనసు నిండిపోయింది. పనితనం చూస్తే మెచ్చుకోకుండా ఉండలేడు. గీత మీదనుంచి కళ్లు తిప్పకుండానే, తాడు అవతల నిలబడ్డ పెద్దాయనతో హెల్మెట్ లోపలినుంచే అన్నాడు: "ఎవరి భార్యోగానీండీ, వాడు అదృష్టవంతుడు!"

"నిజమేనండీ" అన్నాడు పెద్దాయన మీసం సవరించుకుంటూ. "ఆ అదృష్టవంతుడు ప్రస్తుతం మార్కెట్లో కాటాలకి ముద్ర వేయిస్తున్నాడు."

గీత మీది ఆవిడ హెల్మెట్ తీసింది. బావకి దొంగకి తేలు కుట్టినట్టయింది. అరవడానికి లేదు, పారిపోవడానికి లేదు. వెనక ఇరవైమంది, ముందు పెళ్లాం, పక్కన మామగారు.

"తర్వాత!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

సరే, హెల్మెట్ ఉందిగా, నోరు విప్పకుండా ఎనిమిది వేసేసి అటునుంచి అటే ఉడాయిద్దామని బావ బండెక్కాడు. నిజం చెప్పాలి, బాగా నడిపాడు. మొదటి సున్నా గుండ్రంగా వచ్చింది. నడుము దాటాడు. రెండో సున్నా సగం తిరిగింది. లైసెన్సు కళ్లముందు ఊగుతోంది.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గరనుంచి ఎవరో ఇల్లాలు వరసలో ఉన్న తన మొగుణ్ణి పిలిచింది.

"ఏవండీ!"

బ్రేకు. రెండు కాళ్లూ కింద. మెడ వెనక్కి.

"ఏంటీ, టమాటాలా?" అని మైదానమంతా వినబడేలా అడిగాడు బావ.

"టమాటాలు బయట అమ్ముతారు. ఇక్కడ ఫెయిల్" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆయన ఉద్యోగంలో అంత పెద్ద వాక్యం మాట్లాడటం అదే మొదలట.

ఆ గొంతు, ఆ టమాటాలు గుర్తుపట్టని భార్య ఉంటుందా? టైలరమ్మ చక్కా వచ్చి, "హెల్మెట్ తీయండి, చెమటలు కారుతున్నాయి" అంది. బావ తీశాడు. మామగారు అల్లుణ్ణి ఎగాదిగా చూశాడు.

"ముద్ర పడిందా అల్లుడుగారూ?"

"నాన్నా, ఆయన రెన్యూవల్‌కి వచ్చారు" అంది కూతురు గబుక్కున.

"రెన్యూవల్‌కి ఎనిమిది ఉండదమ్మా. నేను చేసింది ఏ ఉద్యోగమనుకున్నావు?"

బావ తల దించుకున్నాడు. సిగ్గుతో చెవులు మండుతున్నాయి. "లేదంటే పిల్లనివ్వరేమోనని భయపడ్డానండీ, మామయ్యగారూ" అన్నాడు.

"ఇచ్చేవాణ్ణి కాదు" అన్నాడాయన ఠక్కున. కాసేపు మీసం మెలితిప్పి, "ఆరోజు మీరు రెండు మాటలన్నారు. రెండోదేంటి?" అని అడిగాడు.

"మీ అమ్మాయిని... కాలు కింద పెట్టనివ్వనని."

"ఆ మాట నిలబెట్టుకున్నారు పొండి. ఎనిమిదంతా తిరిగింది, నా కూతురి కాలు కింద పడలేదు. పడిందల్లా మీదే."

అని ఒకటే నవ్వు. ఆ నవ్వుకి వరసలో వాళ్లంతా నవ్వారు. నవ్వితే క్షమించినట్టే కదా అని బావ కూడా కొంచెం ఆలస్యంగా నవ్వాడు.

ఆయన తన బండి మీద వెళ్లిపోయాక ఆవిడ బావ బండి దగ్గరికొచ్చింది.

"జరగండి."

"ఎక్కడికి?"

"వెనక్కి."

బావ జరిగాడు. బండి కదిలింది. కాసేపటికి బావ ముందుకి వంగి అడిగాడు. "గురువారం అన్నావుగా?"

"నిజం చెబితే వెంట వస్తానంటారు. అక్కడ ఎవరైనా మీ లైసెన్సు చూపించమంటే?"

ఈలోగా టమాటాల బండి వచ్చింది. ఆగలేదు. సందు వచ్చింది. తిరగలేదు. బండి తిన్నగా పెద్ద కూడలిలోకి పోయింది. అక్కడ టోపీ పెట్టుకుని, వచ్చేపోయేవాళ్లని ఆపి లైసెన్సులు చూస్తూ ట్రాఫిక్ పోలీసు నిలబడి ఉన్నాడు.

"ఇక్కడ పోలీసు ఎప్పట్నుంచి ఉన్నాడోయ్?"

"మన పెళ్లయినప్పట్నుంచీ."

బావ వెనక్కి తిరిగి టమాటాల బండిని చూశాడు. సందుని చూశాడు. ఇన్నేళ్లు సణుక్కుంటూ తిన్న టమాటాలన్నీ ఒక్కసారిగా గొంతులో అడ్డం పడ్డట్టయింది.

"నీకెలా తెలిసింది?"

"పెళ్లయిన వారానికే మీ ప్యాంటు పర్సుతో సహా ఉతికేశాను. అన్నీ తడిశాయి. లైసెన్సు ఒక్కటే తడవలేదు."

"మరి నేను ఆ ఎనిమిది కథ చెబుతుంటే ఊరుకున్నావేం?"

"బావుంటుంది కదండీ. ఏటేటా పెరుగుతోంది కూడా."

కూడలి దాటింది. గాలి చల్లగా తగులుతోంది. వెనక సీటు ఇంత సుఖంగా ఉంటుందని బావకి ఇన్నాళ్లూ తెలియదు. కృతజ్ఞతో, ప్రేమో, సిగ్గో, మూడూ కలిసి ఏదో చెప్పాలనిపించింది. ఏమని పిలవాలో తోచలేదు. ముందు కూర్చున్నవాళ్లని వెనకవాళ్లు పిలిచే పిలుపు ఆ బండి మీద ఒక్కటే ఉంది మరి.

"ఏవండీ..." అన్నాడు మెల్లగా.

ఆవిడ పకపకా నవ్వింది. కాలు మాత్రం కింద పెట్టలేదు.