చుట్టలకు తగిన ఆర్ద్రత

ప్రభుత్వం కట్టించిన ఇళ్లలో చెమ్మ ఉండదు! ఉన్నట్టు కనిపిస్తే అది చూసేవారి కంటిదోషం. తగిలితే చేతిచెమట. వాసన వేస్తే అది ముక్కుకు సంబంధించిన విషయం, దానికి వేరే శాఖ ఉంది.

ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించినవారు గృహ నిర్వహణ శాఖలో చెమ్మ ఫిర్యాదుల పరిశీలనాధికారి. గోడ ఊరుతోందని ఎవరు మొరపెట్టుకున్నా స్వయంగా వెళ్లేవారు, గోడను తాకేవారు, రుమాలుతో చెయ్యి తుడుచుకునేవారు, "చెమ్మ లేదు" అని రాసి వచ్చేవారు. చెమ్మ ఉందంటే బాగుచెయ్యాలి. బాగుచెయ్యాలంటే అలా ఎందుకు కట్టారని అడగాలి. కట్టించినవారేమో పైఅంతస్తులో కూర్చుని ఉన్నారు! అందుకని ఊరంతా ఆయన్ని పొడి ఆఫీసరు అనేది. అది బిరుదనే ఆయన అనుకునేవారు.

ఆయన కాపురమూ శాఖవారి ఇంట్లోనే. వెనకగది అత్తగారిది. ఆ గది గోడ సున్నం పెచ్చులుపెచ్చులుగా ఊడి ఆవిడ దుప్పటి మీద రాలేది. ఆవిడ దగ్గు వీధి మలుపు దాకా వినిపించేది.

"ఏమండీ, అమ్మ గది గోడ..." అని భార్య మొదలుపెట్టగానే, "సున్నానికి మాత్రం వయసు రాదుటే?" అనేవారు. అంతటితో విచారణ ముగిసేది.

ఇలా ఉండగా పెద్ద ఇంజనీరుగారికి సహాయకుడి పదవి ఖాళీ అయింది. ఆఫీసులో అందరి నోళ్లూ ఊరాయి. ఒకరోజు పెద్ద ఇంజనీరు పొడి ఆఫీసరును పిలిచి బల్ల మీద ఒక చెక్కపెట్టె పెట్టారు.

"పైదేశపు చుట్టలయ్యా. ఎవరో అభిమానంతో ఇచ్చారు. మా ఇంట్లో ఏసీ గాలికి ఎండి చిట్లిపోతున్నాయి. నీకు వీటి సంగతేమైనా తెలుసా?"

పొడి ఆఫీసరుకు పొగ గిట్టదు. పక్కగదిలో అగ్గిపుల్ల గీస్తే ఇక్కడ తుమ్ముతారు. అయితేనేం, పదవి ముందు ముక్కెంత?

"చిన్నప్పట్నుంచీ అలవాటేనండి!"

"చిన్నప్పట్నుంచా?"

"అంటే... కాల్చడం కాదండి. భద్రపరచడం."

"అయితే పట్టుకెళ్లు. ఎండలు ముదిరాక వచ్చి చూస్తాను. వీటిని కాపాడగలిగినవాడు శాఖను కాపాడలేడా!"

పెట్టెను చంటిపిల్లలా ఎత్తుకుని ఇంటికొచ్చారు. లోపల ఒక చీటీ ఉంది. గాలిలో తేమ డెబ్బై శాతానికి అటూఇటూగా ఉండాలట. తగ్గితే చుట్ట చిట్లుతుంది, పెరిగితే బూజు పడుతుంది. ఆయన వెంటనే తేమ కొలిచే మీటరు కొన్నారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో అలాంటిదొకటి ఉంటుందని ఆయనకు తెలియకపోలేదు, అవసరం పడలేదంతే.

బీరువాలో పెడితే ముల్లు లేవలేదు. పెట్టెలో తడిస్పాంజి పెడితే లేచిన ముల్లు దిగలేదు, ఒక చుట్టకు తెల్లగా నూగు కూడా వచ్చింది. దాన్ని ఆయన కళ్లద్దాల గుడ్డతో తుడిచారు. చేసేది లేక మీటరు పట్టుకుని గదిగదీ తిరిగారు. హాలు పనికిరాదు. వంటిల్లు నిలకడలేనిది. వెనకగది తలుపు తీయగానే ముల్లు తనంతట తానే లేచి, డెబ్బై దగ్గర ఆగి, అక్కడే సుఖంగా కూర్చుంది.

"డెబ్బై! సరిగ్గా డెబ్బై!" అని కేక వేశారు.

అత్తగారు మంచం మీంచి లేస్తూ, "డెబ్బై ఎక్కడిది బాబూ, మొన్ననే డెబ్బై మూడు నిండాయిగా" అన్నారు.

భార్య పరుగున వచ్చింది. మీటరు చూసింది, గోడ చూసింది. "అయితే చెమ్మ ఉన్నట్టేగా?"

"చెమ్మ కాదు. దీన్ని ఆర్ద్రత అంటారు."

"ఓహో! మా అమ్మ దగ్గితే చెమ్మ లేదు, మీ చుట్టలకైతే ఆర్ద్రత ఉందా? ఆ ఆర్ద్రతేదో ఇన్నాళ్లూ మా అమ్మ మీద కాస్త చూపిస్తే పోయేదేముంది?"

ఆయన ఆ మాట విననట్టే, అత్తగారి మంచాన్ని ఎండ బాగా వచ్చే ముందుగదికి మార్పించారు. పెద్దల మీద గౌరవమని ఇరుగుపొరుగుకి చెప్పుకున్నారు. కొద్దిరోజుల్లోనే ఆవిడ దగ్గు తగ్గింది. వెనకగదిలో చుట్టలు నిగనిగలాడాయి. ఇంటిల్లిపాదీ ఇంత ఆరోగ్యంగా ఎన్నడూ లేరు!

అంతలో ఎండలు ముదిరాయి. గోడ ఆరడం మొదలుపెట్టింది. ముల్లు రోజురోజుకీ దిగుతుంటే ఆయన పెరటి కుళాయికి రబ్బరు గొట్టం తగిలించి, గోడకు బయటినుంచి నీళ్లు కొట్టసాగారు.

వెనక వరసలో ఉండే ఆసుపత్రి నర్సు డ్యూటీకి వెళ్తూ ఆగింది. "ఏం సార్, గోడకు నీళ్లు పోస్తున్నారు?"

"క్యూరింగమ్మా. కట్టినప్పుడు సరిగా చేసినట్టు లేరు."

"మా గోడకు ఎవరూ పొయ్యనక్కర్లేదు సార్, దానంతటదే కారుతోంది. మా వాడికి రాత్రంతా ఆయాసం. ఒక్కసారి దయచూపించండి."

"దరఖాస్తు పెట్టుకో."

"పెట్టానండీ. మీరే వచ్చి చూసి, చెమ్మ లేదని రాశారు."

"అయితే లేదన్నమాటేగా!" అని ఆయన గొట్టం రెండో మూలకు తిప్పారు.

చెప్పినట్టే పెద్ద ఇంజనీరు వచ్చారు. ఒక చుట్టను తీసి, చెవి దగ్గర నలిపి, వాసన చూసి కళ్లు మూసుకున్నారు.

"అద్భుతం! తేమ యంత్రమెక్కడ పెట్టావ్?"

"యంత్రమెందుకండీ? మన శాఖవారి గోడే!" పొడి ఆఫీసరు ఛాతీ ఉబ్బింది.

"భేష్! నాకింకా చాలా పెట్టెలొచ్చి పడ్డాయయ్యా. పైవాళ్లవి కూడా నా నెత్తినే పెట్టారు. ఇలాంటి గదులు ఇంకెక్కడైనా ఉన్నాయంటావా?"

పొడి ఆఫీసరు తడుముకోలేదు. "వెనక వరసలో నర్సు ఇంటి పడకగది ఉందండి. తూర్పుగోడ, పిల్లాడి మంచం వైపు. ఏడాది పొడుగునా ఒకటే నిలకడ. కాంపౌండరు వంటిల్లూ మంచిదే కానీ మూలన బూజు పడుతుంది, చుట్టకు చెరుపు. ట్యాంకు కింద లైన్‌మన్ ఇల్లుందే, అది మరీ ఊట. పెట్టెల్ని అటకెక్కిస్తే సరిపోతుంది. ఇక బడి పంతులుగారి ముందుగది..."

అలా వీధి వెంట వీధి, గోడ వెంట గోడ అప్పజెప్పారు. కాఫీ కప్పులతో గుమ్మంలో నిలబడిపోయిన భార్య అంతా విన్నది. పెద్ద ఇంజనీరు వెళ్లాక అడిగింది.

"అన్నీ తెలుసన్నమాట. అమ్మ గది సంగతి కూడానా, మొదట్నుంచీ?"

ఆయన మీటరు పట్టుకుని, ముల్లు ఎక్కడుందో చూసుకోవడానికి వెనకగదిలోకి వెళ్లారు.

వారం తిరక్కుండా ఉత్తర్వులొచ్చాయి. సహాయకుడి పదవి ఈయనకు. "ప్రశస్తమైన ఆర్ద్రత గల" ఇళ్లను ఖాళీ చేయించి శాఖ అవసరాలకు కేటాయించడమైనది. వాటిలో ఉన్నవారికి కొత్త వరసలో, మేడ మీద, గాలీ వెలుతురూ ఉన్న ఇళ్లు.

కొత్త ఇంటికి మారిన మర్నాడే నర్సు పిల్లాణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. వాడు ఆయాసం లేకుండా మెట్లన్నీ ఎక్కాడని చెప్పి చేతులు జోడించింది.

"అంతా మీ చలవే సార్."

"నాదేముందమ్మా," అన్నారాయన తల వంచి. "ప్రజాసేవ."

ఆమె వెళ్లబోతూ ఆగింది. "మా పాత ఇంట్లోకి ఎవరు దిగుతున్నారు సార్?"

"పెద్ద ఇంజనీరుగారి చుట్ట..." ఆయన గొంతు సవరించుకున్నారు. "చుట్టాలమ్మా."

"అయ్యో పాపం!" ఆమె ముఖంలో నిజంగానే దిగులు కమ్మింది. "ఆ తూర్పుగోడ పక్కన మాత్రం పడుకోవద్దని చెప్పండి సార్. చిన్నవాళ్లుంటే అసలా గదిలోకే పంపొద్దని చెప్పండి. మేం పడ్డది చాలు."

"తప్పకుండా చెబుతానమ్మా," అన్నారు పొడి ఆఫీసరు.