నాలుగొందల ముప్పై గుర్రాలూ, నాలుగు కొబ్బరి మట్టలూ

కోనసీమలో ప్రతి ఇంటికీ రెండు తలుపుల కారు ఒకటి ఉండి తీరాలి! రేషన్ కార్డుతో పాటు ప్రభుత్వమే ఇంటికొకటి పంచిపెడితే మరీ మంచిది.

నవ్వకండి. నేను ముప్పై రెండేళ్ళు ఇంటర్మీడియెట్ పిల్లలకి ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషిని. ఆధారం లేకుండా ఏదీ మాట్లాడను. మా కృపావతక్క కంటి ఆపరేషన్ రోజున ఈ కారు ఎంత గొప్పదో నాకు పూర్తిగా తెలిసొచ్చింది. ఆ సంగతికి వస్తాను. ముందు మా ప్రాంతం జబ్బు గురించి చెప్పాలి.

మేము కాదనలేం. ఎవరేం అడిగినా నోట్లోంచి మొదట ఊడిపడే మాట 'ఆయ్'. ఇతర జిల్లాలవాళ్ళు దీన్ని మర్యాద అంటారు. వాళ్ళకేం, చూసేవాళ్ళు. అనుభవించేవాణ్ణి నేను, జబ్బనే అంటాను.

రాజోలు అవతల కాలవగట్టు మీద మా ఊరు. పాతికేళ్ళ పాటు నాకు మామూలు నాలుగు తలుపుల కారుండేది. పొద్దున్నే అరుగు మీద కూచుని కాఫీ తాగుతుంటే ఎదురింటి బుచ్చిరాజు గారు గేటు దగ్గర నిలబడేవారు.

"వరప్రసాదం మేస్టారండీ, తవరెలాగా అమలాపురం వెళ్తన్నారు కదండీ, మా అచ్చమ్మని డాక్టరు గారి దగ్గర దింపేద్దురూ!"

నేను అమలాపురం వెళ్ళడం లేదు. లుంగీలో ఉన్నాను. కానీ వెళ్ళడం లేదని చెబితే అంత పెద్దమనిషి ఆడినమాట తప్పయిపోదూ? "ఆయ్, దానికేముందండీ" అని చొక్కా తొడుక్కునేవాణ్ణి. అలా ఏ పనీ లేకుండా నేను అమలాపురం వెళ్ళొచ్చిన సార్లు లెక్కపెడితే భూమి చుట్టూ ఒకటిన్నర ప్రదక్షిణలవుతాయి. ఆ కారులో పురిటి నొప్పుల వాళ్ళు ఎక్కారు, ఎంసెట్ రాసేవాళ్ళు ఎక్కారు, మా చర్చి కూటాలకి మైకు డబ్బాలు ఎక్కాయి. ఒకసారి పశువుల డాక్టరు కోసం దూడ కూడా ఎక్కింది. అది దారి పొడుగునా నా చెవి నాకుతూనే ఉంది.

కాదనడం ఈ వయసులో ఇక నేర్చుకోలేననిపించింది. అందుకని నా బదులు కాదనే కారు కొన్నాను!

జర్మనీ కారు. పేరు చెప్పను, పలకడం నాకే సరిగ్గా రాదు. హైదరాబాదులో ఒకాయన వాడుకుని నాకు అమ్మాడు. అమ్మేటప్పుడు దాన్ని తెగ పొగిడాడు. అంత మంచిదాన్ని ఎందుకు వదిలించుకుంటున్నారని నేను అడగలేదు. అలా అడగడం మర్యాద కాదు కదా!

ఇక సాంకేతిక వివరాలు. ఇంజను బలం నాలుగొందల ముప్పై గుర్రాలు. మా తాతగారి కాలంలో రాజోలు తాలూకా మొత్తం వెతికినా అన్ని గుర్రాలు దొరికేవి కావు. అవన్నీ ఇప్పుడు మా పశువుల పాకలో, బానెట్ కింద, ఊరికే నిలబడి ఉంటాయి.

నిలబడ్డ చోటు నుంచి వంద కిలోమీటర్ల వేగానికి నాలుగున్నర సెకన్లు. త్వరణం లెక్క కట్టి చూశాను. అందుకు అరవై రెండున్నర మీటర్ల తిన్నని రోడ్డు కావాలి. మా గేటు నుంచి ఆంజనేయప్రసాద్ గారి ఇంటి మలుపు దాకా నలభై మీటర్లే ఉంది. అంటే, శాస్త్ర ప్రకారం, నేను సరిగ్గా ఎనభై వేగంతో ఆయన అరుగెక్కుతాను. ఆయన మంచివాడు, "రండి మేస్టారండీ, కాఫీ తాగుదురు గాని" అంటాడే తప్ప పల్లెత్తు మాటనడు. అయినా ఆ ప్రయోగం ఇప్పటిదాకా చెయ్యలేదు.

గరిష్ఠ వేగం రెండొందల యాభై. నేను అందుకున్నది నలభై ఒకటి. అదీ ఓ ఆదివారం ఆరాధన వేళ రోడ్డు ఖాళీగా ఉంటుందని వెళ్ళినప్పుడు. నా సైలెన్సర్ చప్పుడు ఉరుమనుకుని పాస్టరు గారు ప్రసంగం ఆపి, "వర్షం వచ్చేలా ఉంది, గొడుగులు లేనివాళ్ళు ముందు వెళ్ళొచ్చు" అన్నారట. బయటికొచ్చినవాళ్ళకి కారులో నేను కనిపించాను. నేను ఆరాధన ఎగ్గొట్టిన సంగతి ఆ విధంగా సంఘం మొత్తానికీ తెలిసింది.

వెనక్కి తిప్పుకోడానికి పదకొండున్నర మీటర్ల జాగా కావాలి. మా గట్టు వెడల్పు మూడున్నర. కాబట్టి ఇంట్లో కళ్ళజోడు మర్చిపోయి బయల్దేరితే రాజోలు దాకా వెళ్ళి తిరిగి రావాల్సిందే.

కారు కిందిభాగానికీ నేలకీ మధ్య ఖాళీ జానెడు కూడా లేదు. మా ఊళ్ళో ఎవరింటి ముందు వాళ్ళు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లేమో మోకాలెత్తు! దీనికి నేను కనిపెట్టిన ఉపాయం నాలుగు ఎండు కొబ్బరి మట్టలు. స్పీడ్ బ్రేకరుకి ఇవతల రెండు, అవతల రెండు వేస్తే ఏటవాలు తగ్గి కారు మెత్తగా దాటుతుంది. జర్మనీ ఇంజనీర్లకి తట్టలేదంటే వాళ్ళ దేశంలో కొబ్బరి చెట్లు లేకపోవడమే కారణం. డిక్కీ నిండా మట్టలే కాబట్టి సామాను పెట్టే ప్రశ్నే లేదు. దిగి మట్టలు వెయ్యడం, తియ్యడం, మళ్ళీ ఎక్కడం నా భార్య ప్రసన్నకుమారి బాధ్యత. ఈ ఏడాదిలో ఆవిడ షుగరు బాగా అదుపులోకి వచ్చింది. ఈ ఫలితం కంపెనీవాళ్ళ కాగితాల్లో ఎక్కడా రాయలేదు, పాపం!

ఇక అన్నిటికన్నా గొప్పది వెనక సీటు. ఇద్దరు కూచోవచ్చని పుస్తకంలో ఉంది. కాళ్ళు ఇంట్లో వదిలేసి వస్తే కూచోవచ్చు. ప్రస్తుతానికి ఒక అరటిగెల పడుతుంది.

కారు వచ్చిన వారానికే బుచ్చిరాజు గారు గేటు దగ్గరికి వచ్చారు. "తవరెలాగా అమలాపురం..." అని మొదలుపెట్టి, ఆ రెండు తలుపుల వైపూ, ఆ వెనక సీటు వైపూ చూసి, "...ఎండలు మండిపోతన్నాయండీ" అని ముగించారు. ఆ తరవాత ఆయనే కాదు, ఊళ్ళో ఎవరూ అడగలేదు. ఆహా, ఏం హాయి! ఏడాదిగా నా కాఫీ ఒక్కసారి కూడా చల్లారలేదు.

ఇప్పుడు అక్క సంగతి.

కృపావతక్క నాకన్నా పదేళ్ళు పెద్ద. మా అమ్మ పొలం పనికి పోతే నన్ను చంకనేసుకుని బడికి వెళ్ళి, నన్ను పక్కన కూచోబెట్టుకుని చదువుకుంది. తరవాత టీచరయింది. ఇప్పుడు రెండు మోకాళ్ళూ వంగవు, రెండు కళ్ళకీ శుక్లాలు. ఒక కంటికి అమలాపురంలో ఆపరేషన్ అన్నారు. "నా కారులో తీసుకెళ్తానక్కా" అన్నాను. "ఆయ్, అలాగేరా తమ్ముడూ" అంది. ఆవిడదీ ఈ జిల్లాయే కదా!

ఆ రోజు పొద్దున్న ఎక్కించబోయాం. నా కారు సీటు పీటంత ఎత్తులో ఉంటుంది. తల వంచి, నడుం వంచి, మోకాలు మడిచి, నేల మీద చతికిలబడ్డట్టు పడాలి. మొదటిసారి తల తగిలింది. రెండోసారి మోకాలు పట్టేసింది. మూడోసారి సగం కూచుని, ఇటూ కాకుండా అటూ కాకుండా ఆగిపోయి, నొప్పితో కళ్ళు మూసుకుంది. ప్రసన్నకుమారీ నేనూ చెరో చెయ్యీ పట్టి బయటికి లాగాం.

అక్క చీర సర్దుకుంది. "కారు ఎంత బావుందో! సీటెంత మెత్తగా ఉందో! నేను నాగసతీష్ ఆటోలో వచ్చేస్తాన్లేరా. నువ్వు నిదానంగా రా" అంది.

నాగసతీష్ ఆటోలో అప్పటికే నలుగురున్నారు. వాళ్ళు సర్దుకుని అక్కకీ, తోడుగా ప్రసన్నకుమారికీ చోటిచ్చారు. నలుగురు పట్టే ఆటోలో ఏడుగురు, నాలుగొందల ముప్పై గుర్రాల బండిలో నేనొక్కణ్ణీ. గట్టు మీద దాటడానికి వీల్లేక ఆటో వెనకే పద్ధెనిమిది వేగంతో వెళ్ళాను.

మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆటో ఆగింది. మట్టలు వేసే మనిషి ఆటోలో ఉంది కదా! ప్రసన్నకుమారి దిగింది, ఆవిడకి సాయంగా మిగతావాళ్ళూ దిగారు. "మేస్టారండీ, తవరు కూచోండి, కంగారేం లేదు" అని నాగసతీష్ అన్నాడు. రెండో దగ్గరా అంతే. మూడో దగ్గర అందరూ దిగేలోపు, అంచున కూచున్న అక్క దిగింది. కళ్ళు సరిగ్గా కనపడక కాలితో రోడ్డు తడుముతూ, వంగని మోకాళ్ళతో ఒక మట్ట పట్టుకుని, "ఇక్కడేనా రా? ఇక్కడ వెయ్యనా?" అని అడిగింది.

నేను స్టీరింగ్ పట్టుకుని కూచున్నాను. తలుపు తెరిచి దిగడానికి నా వైపు గట్టు మీద చోటు లేదు. అవతల కాలవ.

ఆపరేషన్ బాగా జరిగింది. సాయంత్రం నర్సు క్రిస్టీనా కంటికి కట్టుతో అక్కని బయటికి తీసుకొచ్చి జాగ్రత్తలు చెప్పింది. "తల వంచకూడదండి. కుదుపులు తగలకూడదండి. మెత్తటి బండిలో పడుకోబెట్టి తీసుకెళ్తే మంచిదండి. సొంత కారేమైనా ఉందాండీ?"

నేను నోరు తెరిచే లోపే అక్క అందుకుంది.

"ఉందమ్మా, మా తమ్ముడికి చాలా పెద్ద కారుంది. కానీ వాడికి ఇవాళ పనుంది."

నాకు ఏ పనీ లేదని అక్కకి తెలుసు. రిటైరై మూడేళ్ళయింది. కాదని చెప్పడం చేతకాక ఇంత కారు కొన్నాను. ఆ మాట చివరికి నా బదులు అక్క చెప్పింది, అంత నొప్పిలోనూ నా పరువు పోకుండా. తల ఎత్తలేకపోయాను. ఏడుపొచ్చింది, అదీ నర్సు ముందు.

కారు ఆసుపత్రి ఆవరణలోనే వదిలేసి ఆటో ఎక్కాను. నాగసతీష్ ఈసారి వేరే ఎవర్నీ ఎక్కించుకోలేదు. సీటు మీద నేనూ ప్రసన్నకుమారీ చెరో చివరా కూచుని, మధ్యలో అక్కని జారగిలబెట్టి కూచోబెట్టాం. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా రెండు చేతులతో అక్క తల కదలకుండా పట్టుకున్నాను. ఇంటిదాకా ఒక్క కుదుపూ తగలనివ్వలేదు.

ఊళ్ళోకి వచ్చేసరికి బుచ్చిరాజు గారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఆటోలోకి తొంగి చూశారు.

"ఇదేంటి మేస్టారండీ, ఆటోలో వచ్చేరు! తవరి కారేదండీ?"

"దానికి పనుందండి" అన్నాను.