తెప్పకొయ్య పిడి

పెళ్లయిన కొత్తలో మగవాడు నోరు జారి అనే మాటలకు గడువు తేదీ ఉండాలని సుధాకర్ గట్టి అభిప్రాయం.

అతను జారిన మాట ఇదీ: "ప్రత్యూషా, నీ వేలు తెగితే నేను చూడలేను. ఇకమీద నీ పంచ్‌లు నేనే సానబెడతా."

ప్రత్యూష ఇంట్లోనే తోలు సంచులు కుడుతుంది. తోలుకు బెజ్జాలు పొడిచే చిన్న ఉక్కు గొట్టాలే ఆ పంచ్‌లు. మూతి మొద్దుబారితే బెజ్జం పడదు, తోలు మీద బొబ్బ లేస్తుంది. అందుకని మూతిని సానరాయి మీద గుండ్రంగా తిప్పుతూ రుద్దాలి. గొట్టమేమో చిటికెన వేలంత. రాయి మీద అది అరిగేదానికంటే పట్టుకున్నవాడి వేళ్లే ఎక్కువ అరుగుతాయి.

సుధాకర్ వెంకటాచలం కాలేజీలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాడు. "సార్, ఇవాళ ఏ వేలు?" అని అడిగాకే పిల్లలు హాజరు పలకడం మొదలుపెట్టారు.

వేళ్లదేముంది, మళ్లీ తోలొస్తుంది. సాయంత్రాలే తిరిగి రావు. స్నేహితులంతా వాలీబాల్ ఆడుతుంటే తనొక్కడు సానరాయి ముందు! బాగా ఆలోచించి ఒక పథకం వేశాడు. ప్రతి పంచ్‌కూ చక్కని చెక్క పిడి చేస్తే వేలు రాయికి తగలదు. ఇక ఎవరైనా భయం లేకుండా సానబెట్టుకోవచ్చు. ఎవరైనా అంటే ప్రత్యూషన్నమాట. పైకి మాత్రం అది ప్రేమ కానుక.

సమయం కూడా కలిసొచ్చింది. వచ్చే ఆదివారం నెల్లూరు ఎగ్జిబిషన్‌లో ప్రత్యూష మొట్టమొదటి స్టాలు. సంచులన్నీ సిద్ధం. పట్టీలకు బెజ్జాలు పొడిచి, వాటిని సంచులకు తగిలించడమొకటే మిగిలింది.

సుధాకర్‌ది బుచ్చిరెడ్డిపాలెం, వరి పండించే వంశం. గడ్డిలో ఎన్ని రకాలో చెప్పగలడు గానీ కొయ్య సంగతి తెలియదు. అయినా సరే, మంచి కొయ్య కోసం నేరుగా మైపాడులో, సముద్రంలో చేపలు పట్టే మామగారు హజరత్తయ్య దగ్గరికి వెళ్లాడు. ఆయన ఇంటి పక్కన పాత తెప్ప విడిపోయి పడి ఉంది. దాన్ని చూడగానే అల్లుడి కళ్లు మెరిశాయి.

"మామా, ఇందులో ఒక ముక్క ఇస్తావా?"

"దేనికబ్బయా?"

"పంచ్‌లకు పిడి చేస్తా. ఇన్నేళ్లు సముద్రాన్ని తట్టుకున్న కొయ్య. దీన్ని మించిన గట్టి కొయ్య యాడుంది?"

హజరత్తయ్య అల్లుణ్ని ఒకసారి, కొయ్యను ఒకసారి చూశాడు. ఏదో అనబోయి మీసం దువ్వుకున్నాడు.

"తీసకపో అబ్బయా. నువ్వు బో తెలివైనోడివి."

ఆ మాటకు ఉబ్బిపోయిన సుధాకర్ దారి పొడవునా ఈలవేస్తూ వచ్చాడు.

గురువారం ప్రత్యూష పట్టీల తోలు కొనడానికి నెల్లూరు వెళ్లగానే పని మొదలుపెట్టాడు. కొయ్య వెన్నలా తెగుతుంటే తన చేతివాటానికి తనే మురిసిపోయాడు. పిడికి రంధ్రం తొలిచి, పంచ్‌ను బిగించి, ఊడకుండా రెండు ట్యూబుల్లోదీ కలిపి వాడే గట్టి బంక పోశాడు. ఇంట్లో ఉన్న పంచ్‌లకన్నిటికీ పిడులు మొలిచాయి.

మర్నాడు సాయంత్రం వాటిని పళ్లెంలో పేర్చి, పైన మల్లెలు చల్లి ఆమె ముందు పెట్టాడు.

"నీ వేళ్ల కోసం!"

ప్రత్యూష ముఖం వెలిగిపోయింది. ఒకటి తీసి పట్టీ మీద నిలబెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేసింది.

తోలుకేమీ కాలేదు. పంచ్ మాత్రం తాబేలు తలలాగా పిడిలోకి వెళ్లిపోయింది.

ఇంకొకటి కొట్టింది. అదీ లోపలికే.

"అంత గట్టిగా కొడితే ఎట్టా?" అన్నాడు సుధాకర్.

"తోలుకు బెజ్జం పడాలంటే కొట్టాల. ముద్దు పెట్టుకుంటే పడద్దా?"

"సముద్రాన్నే తట్టుకున్న కొయ్య కదా..."

"తెప్ప తేలేది గట్టిదై కాదు సామీ, తేలికై. అది బెండులాంటి మెత్తటి కొయ్య. ఫిజిక్స్ సారువి, తేలేదేదో మునిగేదేదో నీకు నేను చెప్పాల్నా?" అని మూడోదాన్ని లాగి చూసింది. రాలేదు. "ఇదేంది, ఊడదే?"

"బంక పోసినా," అన్నాడు సుధాకర్, తనకే వినపడనంత నెమ్మదిగా.

ప్రత్యూష పట్టీల కుప్ప వైపు చూసింది. "ఎల్లుండే స్టాలు. పట్టీల్లేని సంచులు ఎవరు కొంటారయ్యా?" ఆ గొంతులో కోపం లేదు, దిగులుంది. సుధాకర్‌కు కోపమే నయమనిపించింది.

పట్టకారుతో లాగాడు. కాళ్లతో పిడిని అదిమిపట్టి లాగాడు. వెల్లకిలా పడ్డాడు. పడ్డచోట వెలిగింది బుర్ర.

"వేడికి బంక మెత్తబడద్ది! ఇది మటుకు ఖాయంగా ఫిజిక్సే!"

"నా ఇడ్లీ పాత్రలోనా?" అని ప్రత్యూష కేక వేసేసరికే పిడులన్నీ ఆవిరికెక్కాయి.

తెప్పకొయ్య ఏళ్ల తరబడి తాగిన చేపలన్నీ ఆవిరై బయటికొచ్చాయి. ఇల్లు నిండింది, వీధి నిండింది. వీధికి సీసీ కెమెరాలాంటి అంకాలమ్మ గోడ మీద నుంచి తొంగి చూసింది.

"ఏం సుధాకరూ, పులుసా? శుక్రవారం పూటా?"

"కాదక్కా, పంచ్‌లు!"

"అవేం చేపలబ్బా? ఎప్పుడూ ఇన్లేదే!"

ప్రత్యూషకు నవ్వాగలేదు. నవ్వుతూనే పాత గుడ్డతో ఒక పంచ్ పట్టుకుని లాగింది. టక్కున ఊడొచ్చింది! ఆ వెనకే అన్నీ వచ్చాయి. సుధాకర్ వంటింట్లోనే గంతేశాడు.

చల్లారాక ప్రత్యూష ఒక పిడి తీసుకుని, బంక లేకుండా పంచ్‌ను అందులోకి గుచ్చి సానరాయి మీద తిప్పింది. మెత్తటి కొయ్య పంచ్‌ను చక్కగా పట్టుకుంది. వేలు రాయికి ఆమడ దూరంలో ఉంది. పని కాగానే పంచ్‌ను లాగేసి, పట్టీ మీద పెట్టి కొట్టింది. చందమామలాంటి బెజ్జం పడింది.

"సానబెట్టేటప్పుడు పెట్టుకోవాల, కొట్టేటప్పుడు తీసెయ్యాల. పిడి బో బాగుందయ్యా!"

"చూసినావా! ఇంక నువ్వే సానబెట్టుకోవచ్చు!" సంతోషంలో పథకం బయటికొచ్చేసింది.

"అదా సంగతి! పెళ్లికి ముందు నాలుగేళ్లు నేనే సానబెట్టుకున్నా. ఇదిగో, ఒక్క గీత చూపించు నా వేలికి."

వెతికాడు. ఒక్కటీ లేదు.

"మరి నేను సానబెడతానంటే ఎందుకు ఒప్పుకున్నావు?"

"సాయంత్రాలు ఎదురుగా కూర్చుంటావని." ఆమె తల వంచుకుని ఇంకో పట్టీ అందుకుంది.

సుధాకర్‌కు ఆ రోజు వాలీబాల్ గుర్తు రాలేదు. పక్కనే కూర్చుని పట్టీలు పట్టుకున్నాడు.

ఆదివారం స్టాలులో సంచులన్నీ పట్టీలతో వేలాడుతున్నాయి. జనం భుజానికి తగిలించుకుని చూసుకుంటుంటే సుధాకర్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. పక్క స్టాలులో చెప్పులు కుట్టే చెంచమ్మ వచ్చి, బల్ల మీద పంచ్ గుచ్చి ఉన్న పిడిని తీసి తిప్పి చూసింది.

"చేతికి ఎంత అనువుగా ఉండాదమ్మా! మా వాళ్లందరికీ ఇట్టాంటివి కావాల. ఎవరు చేసినారు?"

"మా ఆయనే అక్కా," అంది ప్రత్యూష, భర్త వైపు చూడకుండా. "ఎన్ని కావాలన్నా చేస్తాడు. సాయంత్రాలు ఖాళీనే!"

సుధాకర్ నోరు తెరిచాడు. గడువు తేదీ లేని మాట ఇంకొకటి జారుతుందేమోనని భయపడి, మూసుకుని, తలాడించాడు.