తక్కువ చదివినవారు కావలెను

ఆ రోజు పొద్దున మా ఇంట్లో గొడవ కిరాణా చీటీ దగ్గర మొదలైంది. నేను రాసిన చీటీని మా అత్తగారు పక్కన పెట్టుకుని ఇంకో కాగితం మీద గుండ్రంగా ఎత్తి రాస్తున్నారు.

"ఆయీ, అది దుకాణానికి వెళ్ళే చీటీ. దానికి ఎవరూ మార్కులు వెయ్యరు," అన్నాను.

"మార్కులు వెయ్యకపోతే కోడి గీకినట్టు రాయాలా? బి.ఏ. చదివావు వైజూ! శనగపిండి అని కనబడేట్టు రాయలేవా?"

"నా రాత దుకాణం మారుతీకి అర్థమవుతుంది."

"కాదు. నీ చీటీ పట్టుకుని రోజూ నాకు ఫోన్ చేస్తాడు. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

మా ఆయన విలాస్ పేపరు కాస్త పైకెత్తి మొహం దాచుకున్నారు. మా అమ్మాయి కేతకి టీ కప్పు కింద పెట్టి, "ఆజీ గెలిచింది," అని నానమ్మ వైపు తీర్పు చెప్పింది. కేతకికి పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. అందుకని మా ఇంటి చేతిరాత పోటీల్లో దాన్ని ఎప్పుడూ న్యాయనిర్ణేతగానే కూర్చోబెడతాం. ఇద్దరి రాతా చూడదు కదా, పక్షపాతం ఉండదు!

పాఠకులారా, చదువు మనిషిని పాడుచేస్తుంది. ఇది నేను ఒప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. మా యూనివర్సిటీ మాత్రం ఎప్పుడో కనిపెట్టింది. చదువుకున్నవాళ్ళను గడప తొక్కనివ్వకూడదని రూలు పెట్టిన విద్యాలయం ఇంకెక్కడైనా ఉందేమో చెప్పండి!

కేతకి చరిత్రలో బి.ఏ. అయింది. ఎం.ఏ. ప్రవేశ పరీక్ష రాయాలి. చూపులేని విద్యార్థి జవాబు చెబుతుంటే రాసిపెట్టడానికి ఒక మనిషిని తెచ్చుకోవచ్చు. ఆ మనిషిని స్క్రైబ్ అంటారు. ఎంత దయ! కాకపోతే ఆ మనిషి డిగ్రీ చదివి ఉండకూడదు. ప్రస్తుతం ఎక్కడా చదువుతూ ఉండకూడదు. చదువు చెప్పే పని చేస్తూ ఉండకూడదు. చరిత్ర అనే సబ్జెక్టు ముఖం పన్నెండో తరగతిలో కూడా చూసి ఉండకూడదు. అక్షరాలు మాత్రం తప్పుల్లేకుండా, మూడు గంటలు ఆగకుండా రాయాలి.

ఇందులో మా అమ్మాయికి ఎంత గౌరవం ఉందో గమనించారా? పక్కన కాస్త చదువుకున్న మనిషిని కూర్చోబెడితే చాలు, కళ్ళు లేని ఈ పిల్ల పరీక్ష హాలు మొత్తాన్ని దోచుకుపోతుందని ఒక యూనివర్సిటీ భయపడుతోంది! చూపున్న పిల్లల మీద దానికి ఇంత నమ్మకం లేదు. వాళ్ళను ఉత్తినే లోపలికి పంపిస్తుంది.

దరఖాస్తు ఇవ్వడానికి నేనూ కేతకీ వెళ్ళాం. పరీక్షల సెక్షన్‌లో శిర్కే సాహెబ్ అని ఒక పెద్దమనిషి. చూపులేని అభ్యర్థులకు సూచనలన్నీ గోడ మీద చిన్న అక్షరాల్లో అంటించి ఉన్నాయి, అవి చదువుకుని రమ్మన్నారు. నేను చదివాను. తరువాత ఒక హామీపత్రం ఇచ్చారు. అందులో చివరి వాక్యం ఇది: "పై నిబంధనలన్నీ నా కళ్ళతో స్వయంగా చదివి సంతకం చేస్తున్నాను."

"సాహెబ్, ఈ వాక్యం..." అన్నాను.

"అది అందరికీ ఉండేదే తాయీ. మూడేళ్ళ నుంచీ పెడుతూనే ఉందిగా, ఇప్పుడేమిటి కొత్తగా?"

కేతకి వేలు పట్టుకుని గీత మీద పెట్టారు. సంతకం చేసింది. శిర్కే సాహెబ్ ముద్ర వేశారు. చదివినట్టు రుజువైపోయింది.

అప్పుడు కేతకి అడిగింది: "సాహెబ్, నేను కంప్యూటర్ మీద రాయగలను. తెర మీద ఉన్నది చదివి వినిపిస్తుంది. ఇంట్లో అన్నీ అలాగే రాసుకుంటాను. నెట్ తీసేసి మీ కంప్యూటరే ఇవ్వండి. స్క్రైబ్ అక్కర్లేదు."

ఆయన ఫారం అటూ ఇటూ తిప్పారు. "ఇక్కడ రాసేవారి విద్యార్హత అని ఒక కాలమ్ ఉంది తాయీ. కంప్యూటర్ ఎంతవరకు చదివిందని రాయమంటావు?"

నిజమే కదా! కంప్యూటర్ స్కూలు సర్టిఫికెట్ మా దగ్గర లేదు.

"పోనీ అమ్మ రాయొచ్చుగా?" అంది కేతకి.

"అమ్మ ఎంత చదివారు?"

"బి.ఏ. ఫస్ట్ క్లాస్," అన్నాను. కాస్త గర్వంగానే అన్నాను. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. అడిగిన మొదటి మనిషి ఆయనే. ఆయన నా వైపు జాలిగా చూసి, తల అడ్డంగా ఊపారు.

అలా నా డిగ్రీ మొదటిసారి ఒక పనికి వచ్చింది!

ఇక వేట మొదలైంది. మా సాంగ్లీలో ఇంత చదువు పెరిగిపోయిందని నాకు అంతవరకూ తెలియదు. కూరల బండి ఆమె డి.ఎడ్. మమ్మల్ని స్టేషన్‌కు తీసుకెళ్ళే రిక్షా ఆయన ఎం.కామ్. మూలమీద భడంగ్ మరమరాల పొట్లాలు కట్టి అమ్మే అబ్బాయి ఇంజినీరు. ఎదురు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను ఆశగా అడిగాను. ఆయన సిగ్గుపడుతూ ఎం.ఏ. అన్నాడు. ఏ సబ్జెక్టు? చరిత్ర! పక్కింట్లో చపాతీలు చేసి వెళ్ళే శోభ నా కాలేజీయే, నా బ్యాచే. ఇద్దరం కాసేపు పాత లెక్చరర్లను తలుచుకున్నాం. తరువాత ఆమె తన పిండి దగ్గరికి, నేను నా పిండి దగ్గరికి వెళ్ళిపోయాం.

పన్నెండో తరగతి దాటని పెద్దమనిషి ఊరు మొత్తానికి ఒక్కరే దొరికారు. తొమ్మిదో తరగతి. ఎక్కడా చదవడం లేదు, ఎవరికీ చదువు చెప్పడం లేదు. మూడు కాలేజీలున్న ఒక విద్యాసంస్థకు అధ్యక్షుడు. రూలు ప్రకారం ఆయన్ని మించిన స్క్రైబ్ లేడు. కానీ పరీక్ష రోజు ఆయనకు ఖాళీ లేదు. డిగ్రీ పట్టాలు పంచడానికి ముఖ్య అతిథిగా వెళ్ళాలట.

యూనివర్సిటీయే ఒక మనిషిని ఇస్తుంది కదా అంటారా? ఇస్తుంది. బి.ఏ. మూడేళ్ళూ ఇచ్చింది. మొదటి ఏడు వచ్చిన ఆఫీసు ప్యూన్, కేతకి జవాబు సగంలో ఉండగానే, "చాలు తాయీ, ఆరు మార్కులకు ఇంతెందుకు?" అని గీత గీసేవాడు. రెండో ఏడు ఒక పిల్ల వచ్చింది. రాయడం రాని మాట వచ్చినప్పుడల్లా చుక్క పెట్టింది. మూడో ఏడు వచ్చినాయన చాలా మర్యాదస్తుడు. "రైతులు తిరగబడ్డారు" అని కేతకి చెబితే "రైతులు విన్నవించుకున్నారు" అని రాశాడు. పరీక్ష పేపర్లో గొడవ మాటలెందుకని! జవాబు పత్రం నకలు తెప్పించి స్నేహితురాలి చేత చదివించుకుంటే ఈ సంగతి బయటపడింది. అప్పటికి చరిత్రలో ఆ తిరుగుబాటు రద్దయిపోయింది.

ఎక్కువ సమయం కూడా ఇస్తారు, అది మర్చిపోకూడదు. గంటకు ఇరవై నిమిషాలు. మూడు గంటలు కాగానే మిగతా పిల్లలు కేకలు వేస్తూ మెట్లు దిగుతారు, ఒకరు వచ్చి ఫ్యాను ఆపేస్తారు, ఇన్విజిలేటర్ తలుపు దగ్గర నిలబడి తాళంచెవులు ఆడిస్తూ ఉంటారు. ఆ సంగీతంలో చివరి ప్రశ్న రాసుకోవచ్చు. ఇలాంటి సదుపాయం చూపున్న పిల్లలకు ఎవరు ఇస్తారు?

పది రోజులు తిరిగి వచ్చి నేను కూలబడ్డాక, మా అత్తగారు బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తకుండా అన్నారు: "నాది ఏడో తరగతి."

ఊరంతా వెతికాం. ఉన్నది వంటింట్లోనే!

ఆమె స్కూలు సర్టిఫికెట్ మడతల దగ్గర చిరిగి, పసుపు రంగుకు తిరిగింది. దాన్ని చూసి శిర్కే సాహెబ్ దాదాపు లేచి నిలబడ్డారు. "ఏడో తరగతి! ఈ ఏడాది ఇంత శుభ్రమైన కేసు నా టేబుల్ మీదికి రాలేదు. ఆజీ, ఆ తరువాత ఇంకేమైనా చదివారా?"

"చదవనివ్వలేదు," అన్నారు మా అత్తగారు.

"చాలా మంచిది," అని ఆయన రాసుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా అత్తగారు కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. ఏడో తరగతిలో ఆమె బడి మొత్తంలో మొదటి స్థానంలో వచ్చారు. పై బడి నాలుగు మైళ్ళ దూరం, ఆడపిల్ల నడవకూడదన్నారు. ఆ మాట ఆమె బతుకంతా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. దాన్ని "చాలా మంచిది" అని మెచ్చుకున్న మొదటి మనిషి ఈ గుమాస్తా! యాభై ఎనిమిదేళ్ళు ఆగాలిగానీ, ఏ నష్టమైనా అర్హతగా మారుతుంది.

ఇంట్లో అభ్యాసం పెట్టుకున్నారు. కేతకి చెబుతుంది, ఆజీ రాస్తుంది. రాత గురించి చెప్పేదేముంది, ముత్యాలు! మొదటి రెండు ప్రశ్నలు చక్కగా నడిచాయి. మూడో ప్రశ్న 1972 కరువు మీద.

"కరువు పనులకు వచ్చిన కూలీలందరికీ తగిన ఆహారం అందింది," అని చెప్పింది కేతకి.

పెన్ను ఆగింది. "ఎవరన్నారు?"

"పుస్తకంలో ఉంది ఆజీ."

"ఆ పుస్తకం రాసినవాడు మా జత్ ఊరి రోడ్డు మీద రాళ్ళు కొట్టాడా? నేను కొట్టాను. నాకప్పుడు పద్దెనిమిది. తినడానికి ఎర్ర జొన్నలు ఇచ్చారు. ఆ రొట్టె ఊళ్ళో ఎద్దు కూడా ముట్టలేదు. బలానికని ఇచ్చే సుకడీ పొడి పంచేవాడు ముందు తన చెల్లెలి సంచి నింపేవాడు. తగిన ఆహారమట!"

"సరే ఆజీ, ఇప్పుడు రాయి."

"రాయను. అబద్ధం నా చేతిరాతలో ఉండకూడదు."

"పరీక్ష నాది ఆజీ!"

"చెయ్యి నాది."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. కేతకి కూడా నవ్వింది. తరువాత, "ఏం రాసిందో చదువమ్మా," అంది. చదివాను. "తగిన ఆహారం అందిందని పుస్తకంలో రాశారు. అక్కడ ఉన్నవాళ్ళను అడగలేదు."

"మంచి జవాబు," అంది కేతకి. ఆ వెంటనే, "నాది కాదు," అంది.

చూశారా పాఠకులారా! ఏమీ తెలియని మనిషి కావాలని యూనివర్సిటీ ఎంత జాగ్రత్తగా వల వేసింది! అందులో మొత్తం సిలబస్ చిక్కుకుంది. బి.ఏ. చదివిన నేను కరువు ఏ సంవత్సరమో కూడా మర్చిపోయాను. నన్ను పెట్టుకుని ఉంటే వాళ్ళకు ఏ ప్రమాదమూ ఉండేది కాదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర జొన్న భాకరీ, మొలకల కూర. అందరం సగం తిన్నాక కేతకి చెప్పింది: "రేపు యూనివర్సిటీకి వెళ్తున్నాను. ఆజీ ఫారం వెనక్కి తీసుకుంటాను."

మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "శుక్రవారంతో గడువు అయిపోతుంది. ఇప్పుడు ఇంకెవరిని వెతుకుతామే?"

"ఎవరినీ వద్దు బాబా. నేనే రాస్తాను. కంప్యూటర్ కావాలని మళ్ళీ అడుగుతాను. ఉత్తరం రాసుకున్నాను కూడా."

మా అత్తగారు మెల్లగా అడిగారు: "అంటే, నాకూ అర్హత లేదా?"

"లేదు ఆజీ. నువ్వు మరీ ఎక్కువ చదువుకున్నావు."

కేతకి భాకరీ మీద ఆమె చేత్తో మామూలు కంటే పెద్ద వెన్నముద్ద పడింది.

"వాళ్ళు కుదరదంటే? ఏడాది పోతుందే," అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

"కుదరదని కాగితం మీద రాసి ఇమ్మంటాను. నా కళ్ళతో చదివానని నేను సంతకం పెట్టిన పత్రాలు వాళ్ళ దగ్గర ఎన్ని ఉన్నాయి? అన్నిటి మీదా వాళ్ళ ముద్రే. నేను చదవగలనని ఇన్నేళ్ళు నమ్మారు కదమ్మా, రాయగలనని నమ్మడానికి ఏం కష్టం?"

నీళ్ళు తాగి, అది మళ్ళీ అంది: "ఇంకో సంగతి. రేపటి నుంచి కిరాణా చీటీ నేను ఫోన్‌లో మారుతీకి పంపుతాను. మీరిద్దరూ కొట్టుకోకండి."

ఇరవై రెండేళ్ళ పిల్ల. పదేళ్ళుగా ఫోన్ మీద నాకంటే వేగంగా రాస్తోంది. ఆ చీటీ నువ్వు రాయవే అని నేను ఏనాడైనా అన్నానా? న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టాను, అంతే! యూనివర్సిటీని ఇంతసేపు కడిగి ఈ ముక్క దాచుకోవచ్చు. కానీ నేను పేపరుకు రాసే ఈ కాలమ్‌ను ఫోన్ చేత చదివించుకుని వినేది అదే.

"శనగపిండి కిలో రాయి," అన్నాను.

"అరకిలో చాలు," అన్నారు మా అత్తగారు.

"ఇందాకే పంపేశాను," అంది కేతకి. ఎంత రాశావని ఇద్దరం ఒకేసారి అడిగాం. చెప్పలేదు.