గోలు పడిందనుకోండి!

సమస్త ఫుట్‌బాల్ అభిమానులకు సంతోషంతో తెలియజేయడమేమంటే, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల ఉమ్మడి స్టేడియం నమూనా మరియు వాతావరణ కమిటీ తన పదిహేడో సమావేశంలో కూడా ఏకగ్రీవంగా కొట్లాడుకుంది.

కమిటీ పుట్టుక గురించి రెండు ముక్కలు. 2002 జూన్‌లో ప్రపంచ కప్పు పోటీలు టీవీలో మధ్యాహ్నంపూట వచ్చాయి. అన్నం తిని నడుం వాల్చే వేళ కావడంతో మూడు ఊళ్ల పెద్దమనుషులూ పడుకునే చూశారు. జూన్ ఆఖరుకు అభిమానులయ్యారు, జూలైకి నిపుణులయ్యారు, ఆగస్టులో కమిటీ వేసుకున్నారు. బంతిని కాలితో తన్నినవాడు అందులో ఒక్కడూ లేడు. పక్షపాతం వస్తుందని అలాంటివాళ్లను కావాలనే తీసుకోలేదు.

నడుమ ఉన్న ఊరు కాబట్టి పెనుకొండ బయలు ఖాయమైంది. అప్పటికి ఆ బయల్లో డ్రిల్లు మాష్టరు దేవదాసు బడి ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాడు. స్టేడియం పనికి అడ్డం రాకుండా ముందు ఆ ఆట నిలిపేశారు.

నిలిపేసినందుకు ఊళ్లో ఎవరికీ నష్టం కనిపించలేదు, ఒక్క ప్రమీలకు తప్ప. ప్రమీల మేస్త్రీ రామాంజి భార్య. ఎనిమిదో తరగతి సగంలో బడి మాన్పించి పెళ్లి చేశారు. ఇరవై తొమ్మిదేళ్లకే ఏడో తరగతి చదివే కూతురికి తల్లి. ఆ కూతురు రాణి, దేవదాసు దగ్గర ఆడే పిల్లల్లో ఒకతె. "ఏడు అయిపోతే సాలు లే, గొర్రెలు కాసేదానికి అంతకన్నా సదువు యాల" అని అత్త ఆదెమ్మ అప్పుడే మొదలుపెట్టింది. నవంబరు పద్నాలుగున అనంతపురం నుంచి ఫుట్‌బాల్ సెలెక్టర్లు వస్తారు. పదకొండుమంది పిల్లల్ని ఏరుకుని, పదో తరగతిదాకా వాళ్ల హాస్టలూ చదువూ చూసుకుంటారు. ప్రమీల ఆ తారీఖును క్యాలెండర్‌లో కాటుకతో చుట్టింది. ఆ ఒక్కరోజుకు గ్రౌండు కావాలని దేవదాసు కమిటీకి కాగితం కూడా పెట్టాడు.

కమిటీ శంకుస్థాపనకు పెట్టుకున్న ముహూర్తం కూడా అదే తేదీ. దేవదాసు కాగితానికి మర్యాదగా జవాబిచ్చారు: "బాలల దినోత్సవ సందర్భంగా మైదానంలోకి పిల్లలకు ప్రవేశం లేదు."

పునాదులకు సున్నంతో గీతలు పోయడంలో ప్రమీలను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. దారం కట్టి, పిడికిట్లో పొడి పట్టి, వంగి నడిచిపోయిందంటే గీత చీరంచులా వస్తుంది. అందుకని స్టేడియం నమూనా నేలమీద గీసే బాధ్యత ఆమెకే అప్పగించారు. కూతురి ఆటస్థలం మీద స్టేడియం పోసే పుణ్యం అలా ఆమె చేతికే వచ్చింది.

మొదట ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఓబుళప్ప లేచాడు. "బార్డరు లేని చీరా, గ్యాలరీ లేని గ్రౌండూ ఒగటే. నాలుగు దిక్కులా జానెడు బార్డరు గాదు, మూరెడు బార్డరు కావల్ల" అన్నాడు. ఒక పక్క రోడ్డు, ఒక పక్క రైలుకట్ట, మిగతా రెండు పక్కలా గుట్టలు. గ్యాలరీ పెరగాలంటే లోపలికే పెరగాలి. ప్రమీల పాత గీతలు చెరిపి ఇరవై గజాలు లోపలికి జరిపింది.

పెనుకొండ తరఫున పోతులయ్య మాట్లాడాడు. కోట ఉన్న ఊళ్లో స్టేడియం కోటలాగే ఉండాలి. వాకిలికి ఏడు మలుపులుండాలి. "బయటి టీము దారి తెలుసుకుని లోపలికొచ్చేలోగా సగం ఆట అయిపోవల్ల. అదీ సొంతూరి బలం." చప్పట్లు మోగాయి. మలుపులకు ఇంకో పదిహేను గజాలు పోయాయి.

హిందూపురం చింతపండు మండీ యజమాని హనుమంతరాయుడు అందరికన్నా లోతు మనిషి. "టీవీలో నేను బాలును చూడలేదప్పా, జనాన్ని చూసినా. ఆ కేకలు! ఆ లేసి కూసునేది! అదీ వాతావరణమంటే. మన జనానికి అరిసేది యాడొచ్చు? నేర్పించల్ల" అన్నాడు. ఆ ప్రకారం అరుపుల శిక్షణకు ప్రత్యేక వేదిక, మైకులకు గది, వచ్చే అతిథులకు ఒక మెత్తకుర్చీల గ్యాలరీ, ఆ అతిథుల వెంట వచ్చేవాళ్లకు ఇంకొకటి చేర్చారు. ఫౌంటెను మీద మాత్రం పట్టుదలలు వచ్చాయి. చివరికి మూడు ఊళ్లకూ మూడు పెట్టుకున్నారు.

పదమూడో తారీఖు మధ్యాహ్నానికి గీతలన్నీ అయ్యాయి. ప్రమీల నడుం పట్టుకుని నిలబడి చూసింది. అయిదువేలమందికి చోటుంది. అందరి నడుమా రెండు ఎద్దులబండ్లు తిరిగేంత నేల మిగిలింది.

"అన్నా, ఆట యాడ ఆడేది?" అంది.

కమిటీ నవ్వింది. హనుమంతరాయుడు కోపం లేకుండా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "ఆట టీవీలో వస్తాదమ్మా. వాతావరణం టీవీలో వస్తే మనకు తగులుతాదా? దానికే గదా ఇంత కష్టం."

ప్రమీలకు బాగా అర్థమైంది. మిగిలిన మూడు సంచుల సున్నం తోపుడుబండిలో వేసుకుని రోడ్డు దాటింది. అవతల లింగప్ప చేను. శెనక్కాయ పీకేసి వారమైంది, గొర్రెలు మేస్తున్నాయి.

"మామా, రేపొక్కదినం పిల్లోళ్లు ఈడ ఆడుకుంటారు."

లింగప్ప పుల్లతో పళ్లు కుట్టుకుంటూ చూశాడు. "ఆడుకోనీమ్మా. నా గొర్రెలకన్నా ఎక్కువ తొక్కుతారా ఏంది. గొర్రెలు మాత్రం పోవు, ముందే చెప్తాండా. ఒకపక్క ఉంటాయి."

దేవదాసు కొలతలు చెప్పాడు. నూరు గజాల పొడవు, అరవై గజాల వెడల్పు. ప్రమీల పొద్దుగుంకేదాకా గీసింది. గోలుకు రామాంజి స్లాబుకింద ఆనించే సెంట్రింగు కర్రలు పాతాడు. ఆ సాయంత్రం మూడు పట్టణాల మధ్య ఫుట్‌బాల్ ఆడదగిన స్థలం అదొక్కటే.

మర్నాడు వైభవం చెప్పనలవి కాదు. లారీల్లో, రైళ్లలో అయిదువేలమంది దిగి, ప్రమీల గీసిన గ్యాలరీల్లో నేలమీద కూర్చున్నారు. "ఏమబ్బా, గీత దాటినావు, ఇది ధర్మవరం వరస" "మీ వరస పోయి మీ ఊర్లో ఏసుకోపో!" అని తోసుకున్నారు. సున్నంగీత మీద కూర్చున్నవాళ్లకు పంచెలు తెల్లబడ్డాయి. గీత లేనిచోట కూర్చున్నవాళ్లను లేపేశారు. తర్వాత హనుమంతరాయుడు మైకు పట్టాడు. "గోలు పడిందనుకోండి!" అన్నాడు. జనం అరిచారు. "సాల్లేదు! ఇంకోతూరి గోలు పడిందనుకోండి!"

ఆ జనం వీపుల వెనక, రోడ్డవతల, దేవదాసు ఈలతో ఆట మొదలైంది. చూసేవాళ్లు ఇద్దరు సెలెక్టర్లు, లింగప్ప, ప్రమీల. రాణి బంతిని కాక సెలెక్టర్లను చూస్తోంది. వచ్చిన బంతిని రెండుసార్లు వదిలేసింది. సెలెక్టరు కాగితం మీద ఏదో గీకాడు. ప్రమీల కొంగు నోట్లో కుక్కుకుంది. ఈడ గీత తప్పితే చెరిపి మళ్లీ పోసేదానికి లేదు. ఎనిమిదో తరగతి సగంలో ఆగిన పుస్తకం ఇంకా ట్రంకుపెట్టె అడుగున ఉంది.

మూడోసారి బంతి వచ్చింది. రాణి దాన్ని వదల్లేదు. ఒకరిని తప్పించింది, ఇంకొకరిని తప్పించింది, కళ్లు మూసుకుని తన్నింది. సెంట్రింగు కర్రల నడుమనుంచి బంతి గొర్రెల్లోకి దూసుకుపోయింది.

సరిగ్గా అప్పుడే మైకులో వినిపించింది. "గోలు పడిందనుకోండి!"

అయిదువేల గొంతులు ఒక్కసారిగా లేచాయి. కొండమీది రాళ్లు మారుపలికాయి. రాణి ఉలిక్కిపడి రోడ్డువైపు చూసింది, రెండు చేతులూ పైకెత్తింది. ఆ తర్వాత ఆ పిల్లను ఆపడం ఎవరివల్లా కాలేదు.

పదకొండు పేర్లలో రాణిది తొమ్మిదోది. ఆదెమ్మకు చదివి వినిపిస్తే, "హాస్టల్లో గుడ్డు పెడతారంటనా?" అని మాత్రం అడిగింది.

ఇంటికి నడుస్తూ రాణి అంది. "అమ్మా, నా గోలుకు అంతమంది అరిసినారు, సూసినావా?"

"సూసినా మా. నీకే అరిసినారు" అంది ప్రమీల. ఆ దినం మైకులో చెప్పినవాటితో పోలిస్తే అది అబద్ధం కిందికి రాదు.

వారానికి వాన వచ్చి స్టేడియం మొత్తం కొట్టుకుపోయింది. శిలాఫలకం మాత్రం నిలిచింది. వాతావరణం అద్భుతమని కమిటీ పద్దెనిమిదో సమావేశంలో తీర్మానించింది. ఇప్పటికీ మూడు ఊళ్లలో ఎవరినడిగినా ఆ దినం తాము ఏ వరసలో కూర్చున్నదీ ఖచ్చితంగా చెప్తారు. గోలు ఎవరు వేశారని మాత్రం అడక్కండి. చూసినవాళ్లు నలుగురు మనుషులు, అరవై గొర్రెలు. మిగిలిన మనమంతా అటు తిరిగి అరుస్తున్నాం.